ముందు గుంత చెప్పు

సెప్టెంబరు 28, ఆదివారం

నువ్వు నోరు మూసుకుని ఒక మనిషి పక్కన నడిచి ఎన్నాళ్ళయింది? చెప్పు. నీళ్ళు నమలకుండా చెప్పు.

ఈ ప్రశ్న ఇవాళ బస్టాండు దగ్గర మైకు పట్టుకుని వాక్యం చెబుతూ జనాన్ని అడుగుదామని రాసుకున్నాను. అడగలేదు. వాళ్ళు తిరిగి నన్నే అడిగితే ఏం చెప్పను?

బావతో విదేశం వెళ్ళి మారథాన్ పరుగెత్తబోతున్నానని పొద్దున సంఘంలో సాక్ష్యం చెప్పాను. చప్పట్లు మోగాయి. సంఘ పెద్ద మాత్రం పెదవి విరిచాడు. పరుగు ఆదివారంనాడట కదా, ఆరాధన ఎగ్గొట్టి ఆ పరుగులేమిటయ్యా అన్నాడు. గ్రంథం నా చంకలోనే ఉంది. నడుం బిగించి రాజు రథం ముందు పరుగెత్తిన ప్రవక్త కథ విప్పి చూపించాను. ఆయన కళ్ళజోడు వెతుక్కునేలోపు బయటపడ్డాను.

బావ అంటే మా అక్క భర్త. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. ఆరేళ్ళ క్రితం కంటి నరాలు దెబ్బతిని చూపు పూర్తిగా పోయింది. తర్వాత రెండేళ్ళు గదిలోంచి బయటికి రాలేదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. అక్క కంచం తెచ్చి పెడితే తినేవాడు, తీసేస్తే ఊరుకునేవాడు. ఒక రోజు చెయ్యి పట్టుకుని స్కూలు గ్రౌండుకి లాక్కుపోయాను. నడిచాడు. తర్వాత పరుగెత్తాడు. అప్పటినుంచి నేనే ఆయన గైడ్‌ని. నా ఎడమ మణికట్టుకీ ఆయన కుడి మణికట్టుకీ మధ్య మూరెడు టేపు. అది నా షాపులోదే. నాది మోటార్ వైండింగ్ పని. రాగి చుట్టల్ని బిగించి కట్టే తెల్ల నూలు టేపు అది. చెమట పీలుస్తుంది, జారదు.

గైడ్ చేసే పని చిన్నది. కనబడింది చెప్పాలి. గుంత, మెట్టు, కుడి, ఎడమ, ఆగు. అంతే.

ఇది ఎవరూ చదవరు గనక నిజం రాస్తాను. ఈ ప్రయాణానికి నేను ఒప్పుకున్నది పరుగు కోసం కాదు. ఎన్నేళ్ళుగానో బావకి వాక్యం చెబుదామని కూర్చోబెడితే ఏదో జోకేసి లేచిపోతాడు. ఈసారి నలభై రెండు కిలోమీటర్లు. మధ్యలో మూరెడు టేపు. ఎక్కడికి పోతాడు?

అక్టోబరు 3, శుక్రవారం

గ్రౌండు నుంచి వస్తూ బావని అడిగాను. ఇంత దూరం పరుగెత్తేవాడివి, నాలుగడుగులు వేసి మా మందిరానికి రాలేవా అని. మీ దేవుడితో నాకేం పేచీ లేదురా, మీ గుమ్మం ముందు కాలువ మీద బండ విరిగింది చూడు, పేచీ దానితోనే అన్నాడు.

సాకులకేం, గంపెడు. గుండె బండైనవాడికి కాలువ మీద బండ అడ్డమట. ఈ మాట బావుంది. ప్రసంగంలో వాడాలి.

అక్టోబరు 8, బుధవారం

దిగాం. సముద్రానికి ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు ఇది. మాది బల్లపరుపు నేల. అక్కడ ఎత్తంటే ఫ్లైఓవరే.

హోటల్లో లిఫ్ట్ రిపేరులో ఉంది. ఇలాంటి మోటార్లు నేను ఎన్ని చుట్టాను! చెయ్యి పెట్టనివ్వరు కదా. రెండు అంతస్తులు సూట్‌కేసు మోసుకెళ్ళేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది. మధ్యలో నిలబడిపోయాను. బావ రెయిలింగ్ పట్టుకుని నా ముందే పైకి చేరాడు. ఏరా, సూట్‌కేసులో సంఘాన్ని కూడా పట్టుకొచ్చావా అని పైనుంచి అడిగాడు.

జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. నాకు! జవాబుకి!

గది ఇరుకు. రెండు మంచాలు, ఒక కుర్చీ, బెత్తెడు మాత్రమే తెరుచుకునే కిటికీ. హీటరు టిక్కుటిక్కుమంటోంది. గాలి పొడి. పెదాలు అప్పుడే పగిలాయి.

అక్టోబరు 9, గురువారం, ఉదయం

తలనొప్పి. ముక్కులో రక్తం చార. బావకి ఏమీ లేదు, బండరాయిలా ఉన్నాడు.

నిద్రలో నేను ఊపిరి ఆపేస్తున్నానట. నాలుగు గురకలు, ఆ తర్వాత నిశ్శబ్దమట. నీ నోట నిశ్శబ్దం వినడం ఇదే మొదలురా, భయమేసి తట్టి లేపాను అన్నాడు. నవ్వాను. లోపల నవ్వలేదు.

పార్కులో కొంచెం పరుగెత్తి చూశాం. ఒక వాక్యం అంటే నాలుగు అంగలు ఊపిరి తీసుకోవాలి. మళ్ళీ వాక్యం. మళ్ళీ నాలుగు. మట్టిబొమ్మ ముక్కులో దేవుడు ఊదిన ఊపిరి మీద నేను ఎన్ని గంటలు మాట్లాడానో! ఇక్కడ ఆ ఊపిరిని గరిటెతో కొలిచి పోస్తున్నారు.

ఆదివారంలోపు సర్దుకుంటుందా? నాలుగు రోజుల ముందు వస్తే చాలని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. విశ్వాసం ఉంటే చాలన్నాను.

అక్టోబరు 9, సాయంత్రం

కాలబోయే మోటారు ముందు వాసన వేసి చెబుతుంది, మనిషికి ఆపాటి మర్యాద కూడా లేదు.

అక్టోబరు 10, శుక్రవారం

బావని పడేశాను.

ఎలా జరిగిందో జరిగినట్టే రాస్తాను. కాలిబాట మీద తేలికపాటి పరుగు. ఎదురుగా ఎండ, దూరంగా కొండలు. ఇదే సమయం అనిపించింది. బావా, ఈ కొండల్ని చేసినవాడు నీ కళ్ళని మరిచిపోతాడా అని ఎత్తుకున్నాను. బావ ఊ కొట్టాడు. ఊ కొట్టాడు! ఎన్నేళ్ళలో ఎప్పుడూ కొట్టనివాడు. ఇక నేను ఆగలేదు. ఉన్న ఊపిరంతా అందులోనే పోశాను.

కాలిబాట మధ్యలో చెట్టు కోసం వదిలిన చదరపు గుంత ఉంది. చెట్టు లేదు, గుంతే ఉంది. నేను చూశాను. చూశాను, చూడలేదని అబద్ధం ఆడను. కానీ అప్పుడు నా నోట్లో మారుమనస్సు అన్న మాట సగంలో ఉంది. అది పూర్తి చేసి గుంత అందామనుకున్నాను.

ఊపిరి ఒక్క మాటకే సరిపోయింది.

టేపు నా మణికట్టుని కోసింది. బావ బోర్లా పడ్డాడు. మోకాలు చీరుకుంది, రెండు అరచేతులూ తోలు లేచాయి. దారిన పోయేవాళ్ళు వచ్చి లేపారు. నేను నిలబడి చూస్తున్నాను, పుండుమీద ఈగ కూడా తోలలేనివాడిలా.

బావ అక్కడే కూర్చుని నవ్వాడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను కదరా, ఆ ఎద్దుకి కనీసం మేతైనా దొరికింది అన్నాడు. తర్వాత నవ్వు ఆపాడు. బామ్మర్దీ, పరలోకానికి దారి తర్వాత చెబుదువుగాని, ముందు గుంత చెప్పు అన్నాడు.

గుడ్డివాడు గుడ్డివాడికి దారి చూపిస్తే ఇద్దరూ గుంటలో పడతారన్న మాట మీద నేను బస్టాండులో గొంతు పోయేలా అరిచాను. అరిచిన ప్రతిసారీ నా వేలు జనం వైపే ఉంది.

అక్టోబరు 10, మధ్యాహ్నం

బావ కట్లు కట్టించుకుని వచ్చి గదిలో కుర్చీలో కూర్చున్నాడు. కూర్చునే ముందు చేత్తో తడిమి కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు.



అక్కకి ఫోన్ చేశాను. బావతో రెండు మాటలు మాట్లాడించి, పడ్డ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఆయన గొంతేమిటి అలా ఉంది, ఏం చేశావ్ అంది. చెప్పాను. వెంటనే తిట్టలేదు. అక్క తిట్టకపోతే నాకు భయం.

తర్వాత తిట్టింది, హమ్మయ్య. ఒరేయ్, ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకుని బతకొచ్చంటారు, నీకున్న నాలుగు ఊపిర్లూ ఉపన్యాసాలకే తగలేస్తే ఆ మనిషి ఏం కావాలి అంది. ఆయన మళ్ళీ ఆ గదిలో గోడకేసి కూర్చుంటే ఈసారి లేపడం నా వల్ల కాదు తమ్ముడూ, నీ వల్లా కాదు అంది. పరుగెత్తిస్తే క్షేమంగా పరుగెత్తించు, నీకు చాతకాకపోతే చాతనైనవాళ్ళకి అప్పజెప్పు అంది.

అప్పజెప్పడమా? నా బావనా? దారిన పోయేవాళ్ళకా?

అక్టోబరు 11, శనివారం

పరుగెత్తేవాళ్ళకి నంబర్లు ఇచ్చే హాలుకి వెళ్ళాం. బావ రానంటాడని వణికాను. వచ్చాడు. మెట్ల దగ్గర నా చెయ్యి వదిలి రెయిలింగ్ పట్టుకున్నాడు.

అక్కడ పొడుగాటి ఆవిడ ఒకరు కనబడ్డారు. ఈ ఊళ్ళో ట్రామ్ నడుపుతుంది. చూపులేని వాళ్ళకి గైడ్‌గా చాలా పరుగులు తీసింది. బావ కట్లు చూసింది, నా నీలం పెదాలు చూసింది. ఆమెదీ నాదీ ముక్కల ఇంగ్లీషే, నాది ఫ్యాన్ కేటలాగుల్లో నేర్చుకున్నది. విషయం అర్థమైంది. సగం దూరంలో గైడ్‌ని మార్చుకోవచ్చు. అది రూల్. రెండో సగం తను తీసుకుంటానంటోంది.

వద్దన్నాను. మా మనిషికి మా భాష కావాలన్నాను.

భాషదేముంది, నేను నేర్పిస్తానన్నాడు బావ. అక్కడే బెంచీ మీద కూర్చుని బడి పెట్టేశాడు. డ్రిల్లు మాస్టారు కదా, గొంతు తిరిగొచ్చింది. కుడి. ఎడమ. గుంత. మెట్టు. ఆగు. ఈ ఊరికి ఒకటి అదనం, పట్టాలు. ట్రామ్ పట్టాలు దారికి అడ్డంగా చాలాచోట్ల ఉన్నాయి. ఆవిడ పెన్నుతో ముంజేతి మీద తన లిపిలో రాసుకుంది. గుంటా, గుంటా అని అరుస్తుంటే హాల్లో అందరూ తిరిగి చూశారు. బావ ఆవిడకి ట్రామమ్మ అని పేరు పెట్టేశాడు.

ట్రామమ్మ ఆరు మాటలతో గైడ్ అయిపోయింది, నువ్వు నీ గ్రంథంలో అరవై ఆరు పుస్తకాలూ చదివి కూడా కాలేకపోయావు అన్నాడు నాతో.

ఒళ్ళు మండింది. మొత్తం దూరం నేనే పరుగెత్తిస్తానన్నాను. బావ సరే, నీ ఇష్టం అన్నాడు. ఆ మాటలో ఇష్టం లేదు.

నేనెందుకు పట్టుబట్టాను? సంఘం చప్పట్ల కోసమా? రెండో సగంలో మనిషి విరిగిపోతాడు, విరిగిన హృదయంలోకి వాక్యం దిగుతుంది అన్న లెక్కా? ఇన్ని జరిగాక కూడా ఆ లెక్క ఇంకా నాలో బతికే ఉంది. అది చూసి నాకే భయం వేసింది.

అక్టోబరు 12, ఆదివారం, తెల్లవారుజాము

చేతులు చల్లబడ్డాయి. టేపు ముడి రెండుసార్లు తప్పు వేశాను, రోజూ వేసే ముడి.

నోటికి కావలి పెట్టమని ప్రార్థించాను. నోరు తెరిపించమనే ఇన్నాళ్ళూ అడిగింది. కావలి అడగడం ఇదే మొదలు.

చిన్న గ్రంథం నడుం సంచిలో పెట్టుకున్నాను. బావ చేత్తో తడిమి, బరువు కాదూ అన్నాడు. కాదన్నాను.  

అక్టోబరు 12, ఆదివారం, మధ్యాహ్నం మూడు

ఇప్పుడే రాయాలి.

మొదట్లో బాగానే ఉంది. జనం మధ్య బావని ఒడుపుగా తీసుకెళ్ళాను. మెట్టు. ఎడమ. పట్టాలు. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి. మధ్యలో ఒక్క పొల్లు మాట లేదు. నా జన్మలో అంతసేపు అవసరమైన మాటలు మాత్రమే మాట్లాడలేదు. బావ అంగ సాగింది. పక్కనుంచి చూస్తే ముఖం పాత డ్రిల్లు మాస్టారుది. టేపు సడలి తేలుతోంది. టేపు అలా తేలితే ఆయనకి నమ్మకం కుదిరినట్టు.

నేను వద్దన్నా సగం దూరంలో ట్రామమ్మ నిలబడి ఉంది. మణికట్టుకి టేపు కట్టుకుని, చెయ్యి చాపి. నేను తల అడ్డంగా ఊపాను. దాటి వెళ్ళిపోయాం. ట్రామమ్మ వచ్చిందా అని బావ అడగలేదు. కానీ టేపు కొంచెం బిగిసింది.

ఆ తర్వాత ఎక్కుడు దారి. పెద్ద ఎక్కుడేం కాదు. ఇంటి దగ్గరైతే నవ్వుకుంటూ ఎక్కేవాణ్ణి. ఇక్కడ కళ్ళ ముందు నల్ల చుక్కలు మొదలయ్యాయి. గుంత అన్నాను, గాలి వచ్చింది గాని మాట రాలేదు. బావ కాలు గుంత అంచున పడి తూలింది. నిలదొక్కుకున్నాడు. ఏరా, చెప్పలేదేం అన్నాడు. చెప్పానన్నాను. అదీ బయటికి రాలేదు.

ఎదురుగా పల్లం, పల్లం చివర ట్రామ్ పట్టాలు, నాలుగు వరసలు, తడిసినట్టు మెరుస్తున్నాయి. నాకు ఎనిమిది వరసలు కనబడ్డాయి. ఏవి నిజమైనవో తెలియడం లేదు. నాకు తెలిసిన వాక్యాలన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి. పందెంలో కడవరకు పరుగెత్తినవాడి మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాట నన్ను పరుగెత్తమనే అంటోంది. ఇంకొకరిని కట్టుకుని పరుగెత్తేవాడికి అది ఏమంటుంది? కుర్చీ గుర్తొచ్చింది. గోడవైపు తిరిగిన కుర్చీ.

ఆగు అన్నాను. ఈసారి మాట వచ్చింది. బావ ఆగాడు.

నాకు చాతకావడం లేదు బావా అన్నాను.

ఇంతే. ప్రసంగ వేదిక మీద వేల మాటలు అలవోకగా వచ్చినవాణ్ణి. ఈ ఒక్క మాట తీయడానికి కడుపులోంచి చేంతాడు లాగినట్టు లాగాల్సి వచ్చింది.

బావ నా భుజం వెతుక్కుని చెయ్యి వేశాడు. నాకు సగం దూరం దగ్గరే తెలుసురా, నీ అంతట నువ్వు చెబుతావేమోనని చూస్తున్నాను అన్నాడు. పడితే ఏం చేసేవాడివి అన్నాను. పడేవాణ్ణి, ఇంకేం చేస్తాను అన్నాడు. ఇప్పుడెలా అన్నాను. వెనక ట్రామమ్మ అడుగులు వినబడ్డం లేదా, ఇందాకటినుంచీ వస్తూనే ఉంది అన్నాడు.

వెనక్కి తిరిగాను. నాలుగు బారల దూరంలో ఆవిడ. పిలవకుండానే పరుగెత్తుకు వచ్చింది. తిట్టినట్టు చూసింది. ఆ తిట్టుకి భాష అక్కర్లేదు.

తెల్లవారుజామున మరీ బిగించానేమో ముడి రాలేదు. పళ్ళతో విప్పాను. టేపు చివర ఆవిడ చేతిలో పెట్టాను. వాళ్ళు కదిలారు. నేను కాలిబాట అంచున కూలబడ్డాను. పట్టా! పట్టా! అని పరాయి గొంతు మా భాషలో అరవడం వినబడింది. తర్వాత ఎడమా! మెట్టూ! అంటూ దూరమైపోయింది. వింటూ ఏడ్చాను. ఊపిరి తక్కువై ఏడుపు కూడా ముక్కలు ముక్కలుగానే వచ్చింది.

ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకునే బస్సు వచ్చింది. అందరూ దుప్పట్లు కప్పుకుని తలలు వంచుకుని ఉన్నారు. విరిగిన హృదయాలు, నిండు బస్సు. నా నడుం సంచిలో గ్రంథం. నేను కిటికీలోంచి గుంతలు చూస్తూ కూర్చున్నాను. పక్కాయన వణుకుతుంటే నా దుప్పటి సగం ఇచ్చాను.

ముగింపు గీత దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. అంతసేపు రాకపోతే పడ్డాడనే అనుకున్నాను. ప్రతి అంబులెన్సు మోత బావదే అనుకున్నాను. అక్కకి ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకుని మూడూ చెరిపేశాను.

వచ్చాడు. మోకాలి కట్టు ఊడి వేలాడుతోంది. ట్రామమ్మ గొంతు బొంగురుపోయింది. గీత దాటాక బావ నవ్విన నవ్వు, చూపు పోకముందు నవ్వే నవ్వు.

మెడలో పతకంతో నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. ఏదో చెబుదామనుకున్నావుగా, కొండల్ని చేసినవాడు అంటూ, ఇప్పుడు ఊపిరొచ్చిందిగా, చెప్పు, లేచిపోను, వింటాను అన్నాడు.

ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఈ మాట కోసం! నోరు తెరిచాను.

బావ పాదాల ముందు ఏం ఉందో చూశాను.

మెట్టు అన్నాను.

అక్టోబరు 14, మంగళవారం, విమానంలో

కుర్చీ కిటికీవైపు కావాలని బావ అడిగి మరీ తీసుకున్నాడు, ఎందుకని నేను అడగలేదు.

అక్టోబరు 19, ఆదివారం, ఉదయం

ఇవాళ్టి ప్రసంగానికి రాసుకున్నది ఇంతే:

సహోదరులారా, సహోదరీలారా, ఎవరూ కూర్చోవద్దు. మన గుమ్మం ముందు కాలువ మీద బండ విరిగి ఉంది. మీరూ చూశారు, నేనూ చూశాను, దాటుకుని వచ్చి పాటలు పాడాం. అవతలి అంచున ఒక మనిషి చేతికర్రతో నిలబడి ఉన్నాడు. పాట తర్వాత. ప్రార్థన తర్వాత. నేను కూడా తర్వాతే. గడ్డపార తెచ్చాను, గుమ్మం పక్కనే ఉంది. లేవండి. వచ్చే వారం కాదు, ఇవాళే. ఎండ ముదరకముందే. రండి, పట్టండి.